తడి లేని డబ్బా

లింగంపల్లి,
ఏప్రిల్ చివరి ఆదివారం

సౌజన్యా,

చిరంజీవి అని మొదలుపెట్టలేదని అలగకు. తడి డబ్బా పంపిన మనిషికి ఆ మాట వచ్చే ఉత్తరం నుంచి వాడతాను.

మీ చిన్నాయన గిరీష్ మాదాపూర్ మీటింగు నుంచి వస్తూ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూత తీశాను. నువ్వు వేసిన చెంచాడు చక్కెర అడుగున నీళ్ళలో కరిగి పాకమై ఉంది. ఇంటి డబ్బా ఖాళీగా తిరిగి పంపకూడదన్నది గుర్తు పెట్టుకున్నావు, సంతోషం. తడిగా పంపకూడదన్నది నేను నేర్పలేదా, నువ్వు మరిచావా? మూత లోపలి రబ్బరు సందులో కూడా నీళ్ళే. చూసుకోకుండా అందులో కందిపొడి పోసి ఉంటే మూడోనాటికి బూజు పట్టేది. రబ్బరు తీసి కడుగు, తీసి ఆరబెట్టు, చుక్క తడి లేకుండా పంపు. రసాయన శాస్త్రంలో డాక్టరేటు ఉన్నవాళ్ళకి ఇది కష్టం కాదనుకుంటాను.

ఇక్కడినుంచి మీ హైటెక్ సిటీ స్టేషన్‌కి రైల్లో కూర్చుంటే ఒక కునుకు పూర్తికాదు. అయినా నువ్వు గడప తొక్కింది సంక్రాంతికి ముందు. ఫోన్ చేస్తే "జేజీ, మీటింగ్‌లో ఉన్నా" అంటావు. అందుకే డబ్బాలో ఉత్తరం పెడుతున్నాను. పొడి తినాలంటే మూత తియ్యాలి, మూత తీస్తే ఉత్తరం చదవాలి. ఇన్నేళ్ళు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పినదాన్ని, ఎర వెయ్యడం తెలుసు.

నా ఆరోగ్యం బాగుంది. నాకు మూర్ఛ ఉండేదని, మీ నాన్న బడికి పోయేనాటి నుంచి ఒక్క మాత్రతో అది తోక ముడుచుకుని పడి ఉందని మొన్న మాటల్లో పోచమ్మకి చెప్పాను. ఆ మాత్ర చేసే కంపెనీలోనే నా మనవరాలు ఉందని, కొడుకు ఉన్నాడని కూడా గొప్పకి చెప్పాను. గిన్నెలు తోముతూనే "గట్లనా? అయితే మీకు ఫ్రీగ ఇస్తరా?" అంది.  నీ దగ్గర జవాబు ఉంటే రాయి.

నీ మొహం పీక్కుపోయిందని గిరీష్ అన్నాడు. ఏమిటి సంగతి?

జేజి

❖

మాదాపూర్,
మే

జేజీ,

తడి సమస్య తీరింది. పాంట్రీలో కడిగి, మా ల్యాబ్‌లో గాజు సామాను ఆరబెట్టే ఓవెన్ ఉంది, అందులో కాసేపు పెట్టాను. రబ్బరు వేరుగా, మూత వేరుగా. మా హెడ్ సుబ్రహ్మణ్యం సార్ తలుపు తెరిచి చూసి "ఇది ఏ ప్రాజెక్టు?" అన్నారు. "కందిపొడి, సార్" అన్నాను. ఆయన నవ్వి చాలా రోజులైంది, ఆరోజు నవ్వారు. ఇకనుంచి ప్రతిసారీ ఇదే పద్ధతి. చుక్క తడి చూపిస్తే నా డాక్టరేటు వెనక్కి ఇచ్చేస్తా.

మొహం సంగతి. రాయొచ్చో లేదో తెలియదు. ఫోన్లో, మెయిల్లో ఒక్క ముక్క బయటికి పోకూడదన్నారు. చేతి ఉత్తరం గురించి ఎవరూ ఏమీ అనలేదు. అలాంటిది ఒకటి ఉందని వాళ్ళకి గుర్తు లేనట్టుంది.

మేము ఒక మందు సరుకుని చాలా ఏళ్ళుగా స్ఫటికాలు కట్టిస్తున్నాం. ఏ మందో అడగొద్దు. ఎప్పుడూ పలకలుగా వచ్చేది, అభ్రకం పొరల్లా. మార్చిలో ఒక సీసాలో సూదులు వచ్చాయి. సరుకు పాడైందేమోనని పరీక్ష చేశాం. నూటికి నూరు శుద్ధం. అణువు అదే, పేర్చుకున్న తీరు వేరు. ఇటుకలు అవే, గోడ వేరు. పారబోసి మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ సూదులే. కొత్త గాజు, కొత్త ద్రావకం, కొత్త మనుషులు, అయినా సూదులే. మార్చి తరవాత ఈ అంతస్తులో ఒక్క పలక కూడా కట్టలేదు జేజీ. ఇన్నేళ్ళు రోజూ చేసిన వస్తువుని చెయ్యడం మాకు చేతకావడం లేదు.

పలకలు నీళ్ళలో ఇట్టే కరుగుతాయి. సూదులు కరగవు.

మా ల్యాబ్ కింద ఎనిమిది అంతస్తులూ సాఫ్ట్‌వేరు వాళ్ళు. లిఫ్టులో వాళ్ళు సినిమాల గురించి మాట్లాడుకుంటుంటే వాళ్ళ చొక్కాల మీద ఏం పడుతోందో అని చూస్తూ నిలబడుతున్నా. పిచ్చి కదా?

పోచమ్మకి చెప్పు, ఫ్రీ లేదని.

సౌజన్య

❖

లింగంపల్లి,
జూన్, వాన మొదలైన వారం

చిరంజీవి సౌజన్యకు,

బిరుదు నిలబెట్టుకున్నావు. డబ్బా ఎండిన గవ్వలా వచ్చింది. మూత తీస్తే టప్పుమని శబ్దం. ఇంట్లో అందరికీ చూపించాను. అందరూ అంటే గిరీష్, పోచమ్మ.

నీ సూదుల కథ చదివాక మధ్యాహ్నం కునుకు పోయింది. మా అమ్మ నెయ్యి కాచి చల్లారేటప్పుడు పాత నెయ్యి గోరంత వేసేది. వేస్తే పూస కట్టేది, మరిచిపోతే ముద్దగా పేరుకునేది. పెరుగు తోడుకుంటే అందులో ప్రాణులున్నాయి, పిల్లల్ని పెట్టాయి అనుకుంటాం. నేతిలో ఏ ప్రాణి ఉంది? అయినా పూస పూసనే పుట్టించింది. నీ సూది కూడా అంతే. ఎక్కడో కంటికి కనపడనంత తునక ఉంది, అదే తోడు.

మా స్టాఫ్‌రూములో జువాలజీ సుబ్బలక్ష్మి ఉండేది. ప్రకృతి వరణం ప్రాణమున్నవాటికే అని ఆమె వాదం. ప్రాణం సంగతి తరవాత, ముందు దానికి ఏమేం కావాలో చెప్పమనేదాన్ని. ఒకే జాతిలో తేడాలుండాలి. ప్రతిదీ తన పోలికనే పుట్టించాలి. మేత అందరికీ చాలకూడదు. సరే, ఇంత ఉంటే మిగిలేది మిగులుతుంది, పోయేది పోతుంది. ఇందులో ఊపిరి పీల్చాలన్న షరతు ఎక్కడుందమ్మా అంటే ఆమె టిఫిన్ గిన్నె మూసి లేచిపోయేది. నేను గెలిచాననుకునేదాన్ని. ఇప్పుడాలోచిస్తే బెల్లు కొట్టారేమో.

నీ సీసాలోకి రా. పలక, సూది: తేడా ఉంది. సూది పడితే సూదులే: పోలిక ఉంది. కరిగి ఉన్న సరుకు కొలతకే ఉంది, ఎవరు ముందు తింటే వాళ్ళది: మేత చాలదు. సుబ్బలక్ష్మి ఉంటే చూపించేదాన్ని. ఆమె పోయి రెండేళ్ళయింది, అదీ ఒక రకంగా ఆమె గెలుపే.

ఒకటి అడుగుతాను, జవాబు రాయి. బాచుపల్లి అవతల మీ చిన్నాయన ప్లాంటులో చేసేది కూడా ఈ సరుకేనా? అక్కడ ఇంకా పలకలే వస్తున్నాయా?

జేజి

❖

మాదాపూర్,
జులై

జేజీ,

అవును, ఇదే సరుకు. అక్కడ ఇంకా పలకలే, దేవుడి దయ. అందుకే మాకెవరికీ ఆ గేటు దాటే వీల్లేదు. మా వాళ్ళు వాడిన కార్లో ఆ ప్లాంటు వాళ్ళు ఎక్కకూడదు. చిన్నాయన సోమవారం మీటింగు కూడా పైన కాదు, కింద రిసెప్షన్ పక్క గదిలో. నన్ను చూడగానే రెండడుగులు వెనక్కి వేసి "అక్కడే ఉండమ్మా, నీకు అమ్మవారు పోసింది" అన్నాడు. డబ్బాలు మాత్రం బల్ల మీదనుంచి మార్చుకున్నాం.

ఇక నీ వాదం. సుబ్బలక్ష్మి మేడమ్ తరఫున నేను నిలబడతా. పోలిక ఉంటే చాలదు జేజీ. బిడ్డలో కొత్త తేడా పుట్టాలి, ఆ తేడా మనవడికి అందాలి. మా స్ఫటికానికి ఉన్నవి రెండే రూపాలు. సూది ఎక్కువ స్థిరమైనది కాబట్టి అటు జారుతుంది, రాయి కొండ దిగినట్టు. జారడాన్ని వరణం అంటే దొర్లే ప్రతి రాయికీ పరిణామం ఉన్నట్టే.

అలా సార్‌తో కూడా అన్నాను. ఆయన మైక్రోస్కోపు నా వైపు తిప్పారు.

మార్చి సూదులు, ఇప్పటి సూదులు పక్కపక్కన పెట్టారు. ఇప్పటివి సగం కూడా లేవు మందం. మేము ప్రతి వారం వేడి ద్రావకంతో ల్యాబ్ మొత్తం కడుగుతున్నాం. మందపాటివి కడుగులో పోతున్నాయి, ఫిల్టర్లో చిక్కుతున్నాయి. వంకర తిరిగిన సన్నటివి స్టీలు గీతల్లో, రబ్బరు సందుల్లో దాక్కుని మిగులుతున్నాయి. తరవాతి పంట వాటినుంచే. విరిగిన తునకలో ఉన్న వంకర పెరిగిన సూదిలోనూ ఉంటోంది. కడిగే కొద్దీ అతుక్కునేవే మిగులుతున్నాయి.

పైన "దాక్కుని" అన్న మాట కొట్టేశాను, చూడు. దాక్కోవడానికి వాటికి బుద్ధి లేదు. ఉండిపోతున్నాయి, అంతే.

సార్ ఇంకా వరణం అనడం లేదు. కడిగే పద్ధతి మారింది కాబట్టి ఆకారం మారింది, అంతకుమించి ఏమీ లేదంటారు. కానీ గది తుడిచే పని ఆపించేశారు.

సౌజన్య

❖

లింగంపల్లి,
ఆగస్టు, మొదటి శ్రావణ శుక్రవారం

చిరంజీవి సౌజన్యకు,

కొట్టేసిన మాటే ముందు చదివాను. అది మనుషుల అలవాటు.

వాటికి బుద్ధి లేదంటావు. వరణానికి బుద్ధి ఎప్పుడు కావలసివచ్చింది? పురుగుల మందు కొట్టిన చేలో పురుగు ఆలోచించి బతకలేదు, చావనిది మిగిలింది. రాయి కొండ దిగితే దిగింది, దాని కడుపున మరికొన్ని రాళ్ళు పుట్టి దానికంటే సన్నగా దొర్లవు. నీవి దొర్లుతున్నాయి. మీ సార్ పరిస్థితి మారిందన్నాడా? నేనూ అదే అంటున్నాను. పరిస్థితి మారితే మిగిలేది మారుతుంది. ఇద్దరం ఒకే మాట చెప్తున్నాం, ఆయనకి భయం, నాకు పింఛను.

అయితే నీ అభ్యంతరంలో ఒక ముక్క నిజం ఉంది, ఒప్పుకుంటాను. ప్రాణమున్నవాటికి దారులు ఎన్నో ఉంటాయి, రెక్క రావచ్చు, కన్ను రావచ్చు. సూదికి ఉన్నది ఒకటే దారి: ఇంకా అతుక్కోవడం, ఇంకా కరగకపోవడం. చిన్న చదువు. కానీ ఆ చదువు చెప్పే పంతుళ్ళు మీరే.

పోచమ్మ తెల్లాపూర్ వైపునుంచి చింతచిగురు తెచ్చింది, పొడి కొట్టి పంపుతున్నాను. కారం కాస్త తగ్గించాను, నీ కడుపు సంగతి తెలుసు కనుక. పోచమ్మ తెల్లాపూర్ వైపునుంచి చింతచిగురు తెచ్చింది, పొడి కొట్టి పంపుతున్నాను. కారం కాస్త తగ్గించాను.

మొన్న నేను బిందె పట్టుకుంటుంటే పోచమ్మ కేకేసింది: "అమ్మా, జర ఇటు చూడు! నీళ్ళు పొర్లిపోతుంటే గట్ల నిలవడ్డవేంది? చెయ్యి ఏంది గట్ల ఆడిస్తున్నవ్?" వయసు అన్నాను. "నాకు లేదా వయసు?" అంది. నోరు పెద్దది దానికి, అందుకే నాకు నచ్చుతుంది.

వరలక్ష్మీ వ్రతానికి వస్తావా? రావు. అయినా అడిగాను.

జేజి

❖

మాదాపూర్,
ఆగస్టు

జేజీ,

నీ ఉత్తరంలో చింతచిగురు వాక్యం రెండుసార్లు ఉంది. నువ్వు అలా రాయవు. నా పదో తరగతి వ్యాసంలో ఒకే మాట రెండుసార్లు వచ్చిందని పేజీ చించిన మనిషివి నువ్వు. రెండోసారి రాసిన చోట అక్షరాలు గీత దిగి పక్కకి పోయాయి.

పోచమ్మ చూసింది వయసు కాదు. నీకూ తెలుసు.

నేను రాయనిది ఇప్పుడు రాస్తున్నా. ఆ సరుకు నీ మాత్రే. మొదటి ఉత్తరం నాటికే తెలుసు. బాచుపల్లి ప్లాంటు బాగుంది కదా, నీదాకా రాదు అనుకున్నా. చెప్తే భయపడతావని కాదు, చెప్తే అది నిజమవుతుందని.

జులైలోనే, నా ఉత్తరం వెళ్ళిన వారంలో, బాచుపల్లి కూడా తిరిగిపోయింది. ఒక్క రాత్రిలో పెద్ద తొట్టి మొత్తం సూదులు. తెలిసేలోపు మాత్రలు కొన్ని బయటికి వెళ్ళాయి. శుద్ధత చూస్తే నూటికి నూరే కదా, ఆ కాగితం మీద సంతకాలు అయిపోయాయి. మింగిన మాత్ర కరగకుండానే బయటికి పోతుంది. ఇప్పుడు చప్పుడు లేకుండా వెనక్కి తెప్పిస్తున్నారు. చప్పుడు చేస్తే ఎంతమంది బాగుపడేవారో నేను లెక్కపెట్టుకోవడం మానేశా.

మాత్రల పట్టీ వెనక నెల చూడు. జూన్ దాటినవి పారెయ్యి. డాక్టర్ దగ్గరికి ఈరోజే వెళ్ళు. నా మీద కోపం తరవాత చూపించు, దానికి నేను ఎక్కడికీ పోను.

సౌజన్య

❖

లింగంపల్లి,
సెప్టెంబరు మొదటి వారం

సౌజన్యా,

కోపం ఇప్పుడే చూపిస్తాను, తరవాత గుర్తుంటుందో లేదో.

ఏ మందో అడగొద్దన్నావు, నేను అడగలేదు. నీ ఉద్యోగానికి ఇచ్చిన మర్యాద అది. నా బుర్రకి నువ్విచ్చిన మర్యాద ఇదా? నీకు ఏడేళ్ళప్పుడు బావిలో పడ్డ పిల్లి చచ్చిపోయిందని నేను నీతో అబద్ధం చెప్పకుండా చెప్పాను. నువ్వు ఏడ్చి, అన్నం తిన్నావు. అలాగే చెప్పాల్సింది.

అయిపోయింది కోపం. ఇప్పుడు నా వంతు.

వ్రతానికి నువ్వు రావు గదా అని నేనే పోచమ్మని వెంటబెట్టుకుని నీ దగ్గరికి బయలుదేరాను. లింగంపల్లి స్టేషన్ మెట్ల దగ్గర పడిపోయాను. లేచేసరికి తల పోచమ్మ ఒళ్ళో ఉంది, చుట్టూ జనం. ఒకాయన నా చేతిలో తాళాలగుత్తి పెట్టి మంత్రం చదువుతున్నాడు. కెమిస్ట్రీ లెక్చరర్ని నాయనా అందామంటే నాలుక తిరగలేదు. పోచమ్మ "జరగుండ్రి, గాలి రానియ్యుండ్రి! తాళాలేంది, ఇది ఇల్లా?" అని అందరినీ తరిమింది. దవాఖానకి అదే తీసుకుపోయింది. గిరీష్‌కి చెప్పొద్దన్నాను, వాడికి చెప్తే నీకు తెలుస్తుంది. చూశావా, దాచడం నీకు ఎవరి పోలిక వచ్చిందో.

డాక్టరు వేరే మందు మొదలుపెట్టాడు. అది పడిపోకుండా ఆపుతోంది, దానికి కిరాయిగా మాటలు పట్టుకుపోతోంది. నిన్న గరిటెని ఏమంటారో తట్టక "అది, అది" అంటూ గాల్లో తిప్పాను. ఉప్పు ఫార్ములా తడుతుంది, గరిటె తట్టదు. ఇదే మందు ఉంచితే ఇంకా పోతాయన్నాడు. పాత మాత్ర మంచిది దొరికితే దానికే తిరిగి వెళ్దామన్నాడు. నలభై ఏళ్ళ క్రితమే తక్కినవన్నీ నా ఒంటికి పడలేదు గదా.

మంచిది ఇంక ఒక్కచోటే ఉందట. హిందూపురం దగ్గర మీ పాత ప్లాంటు, పదేళ్ళుగా మూసి ఉన్నది, అక్కడ పాత పలకలు కొన్ని సీలు వేసిన డ్రమ్ముల్లో ఉన్నాయని, వాటినే తోడుగా వేసి మళ్ళీ మొదలుపెడతారని గిరీష్ చెప్పాడు. పాత పద్ధతి తెలిసినవాడు గనక వాడినే పంపుతున్నారు. అంటే నాకు మిగిలిన బుర్ర ఇప్పుడు హిందూపురంలో డ్రమ్ములో ఉంది. మనం పుట్టిన సొంత జిల్లాకే చేరింది, మంచిదే.

ఒక్క ప్రశ్న. మాదాపూర్‌లో పుట్టిన సూది బాచుపల్లికి ఎలా పోయింది? విత్తనం నడవదు. ఎవరో మోశారు. అది తేలకుండా గిరీష్‌ని పంపకండి. మీ సార్‌కి నా మాటగా చెప్పు.

ప్రయాణానికి వాడికి పొడి కట్టివ్వాలి, డబ్బా త్వరగా పంపు.

జేజి

❖

మాదాపూర్,
సెప్టెంబరు

జేజీ,

ఉత్తరం చదివి మెట్ల మీద కూర్చుండిపోయా. ఇంకేం రాయను దాని గురించి, రాస్తే ఉత్తరం పూర్తికాదు.

నీ ప్రశ్నే ఇక్కడ అందరి ప్రశ్న. సార్ రెండు ప్లాంట్ల మనుషుల్ని కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడిగారు. చెప్పులు, చొక్కా కాలర్లు, ఐడీ కార్డు తాళ్ళు, కారు సీట్లు, లాప్‌టాప్ సంచులు, అన్నిటినీ తడి గుడ్డతో తుడిచి చూశారు. చిన్నాయన గోళ్ళు కూడా. "పెళ్ళిచూపుల్లో కూడా ఇంత చూడలేదు" అన్నాడు. ఏమీ దొరకలేదు. గాలిలో వచ్చిందని రాసి ఫైలు మూసేశారు.

అయినా హిందూపురానికి ఏ జాగ్రత్తా తక్కువ చెయ్యలేదు. చిన్నాయనకి కొత్త బట్టలు, కొత్త చెప్పులు, కొత్త సంచి, కొత్త ఫోను. గుండు చేయించుకుని రమ్మన్నారు. "మొక్కు తీరినట్టూ ఉంటుంది" అని చేయించుకున్నాడు. అక్కడ గోవిందప్ప గారని పాత మేనేజరు, మనవైపు మనిషి, పాత పనివాళ్ళని పిలిపించి ప్లాంటు తెరిపించారు, ఆయనే గేటు దగ్గర స్నానం చేయించి లోపలికి తీసుకుపోతారట. ఆ డ్రమ్ములు పోతే ఇక భూమ్మీద ఎక్కడా పలక లేదు జేజీ. ఉందేమో, మాకు తెలియదు.

డబ్బా ఎప్పటిలాగే ఆరబెట్టి పంపుతున్నా. చక్కెర ఈసారి రెండు చెంచాలు. చిన్నాయనకి కారం తక్కువగా కట్టు.

నీ మాటలు పోనివ్వను. గరిటె. గరిటె అంటారు దాన్ని.

సౌజన్య

❖

లింగంపల్లి,
సెప్టెంబరు, వినాయకుణ్ణి సాగనంపిన మర్నాడు

సౌజన్యా,

ఇది ఫోన్లో చెప్పను. నువ్వు ఏడిస్తే నా మాటలు ఉన్నవి కూడా పోతాయి. కాగితం మీదయితే తట్టేదాకా ఆగొచ్చు. పోచమ్మ కూతురు పింకీ మీ హాస్టలు వీధిలోనే పని చేస్తుంది, దాని చేత పంపుతున్నాను. కూర్చుని చదువు.

గిరీష్ నిన్న పొద్దున వెళ్ళాడు. గుండుతో, కొత్త చొక్కాతో, ఉపనయనం వటువులా ఉన్నాడు. గుమ్మం దాకా వెళ్ళి డబ్బా చేతికిచ్చాను. కళ్ళకద్దుకుని సంచిలో పెట్టుకున్నాడు.

నీ చక్కెర అంతకుముందే గిన్నెలోకి వంపి ఉంచాను. ఈరోజు ఎండగా ఉందని పోచమ్మకీ నాకూ నిమ్మకాయ నీళ్ళు కలిపాను. చక్కెర కరిగింది. గాజు గ్లాసు అడుగున కరగనిది కొంచెం, ఎండ తగిలి మెరిసింది. దుమ్మనుకున్నాను. కిటికీ దగ్గరికి తీసుకుపోయి నా పాత భూతద్దం పెట్టాను. వెంట్రుకల్లా సన్నగా, ఒక్కొక్కటీ ఒకే వంకరతో. దుమ్ముకి అంత క్రమశిక్షణ ఉండదు.

నీ మే నెల ఉత్తరం తీశాను. గాజు సామాను ఆరబెట్టే ఓవెన్. రబ్బరు వేరుగా, మూత వేరుగా. ప్రతిసారీ ఇదే పద్ధతి.

గోళ్ళు చూశారు, కాలర్లు చూశారు, తాళ్ళు చూశారు. డబ్బా మీ బల్ల మీదే ఉంది, ఎవరూ చూడలేదు. సోమవారం మీటింగు అవగానే గిరీష్ దాన్ని పట్టుకుని బాచుపల్లి ప్లాంటుకే పోయేవాడు, ఇంటికి చేరేది సాయంత్రం. అమ్మ కట్టిచ్చిన డబ్బాని ఎవరూ సామానులో లెక్కపెట్టరు. నువ్వు లెక్కపెట్టలేదు, డాక్టరేటు ఉండి. నేనూ లెక్కపెట్టలేదు, విత్తనం నడవదు అని నీకు పాఠం చెప్పి, అదే చేత్తో డబ్బా త్వరగా పంపమని రాసి. స్టీలు గీతల్లో, రబ్బరు సందుల్లో అని నువ్వు జులైలోనే రాశావు. మన డబ్బాలో ఉన్నవి ఆ రెండే. వారం వారం కడిగి, కాల్చి, పోగలిగినవన్నీ పోగొట్టి, పోనివాటిని మాత్రమే మనం మూటకట్టి పంపాం. వాటికి బుద్ధి లేదు. అవసరం రాలేదు.

తడి లేకుండా పంపమన్నది నేను. సుబ్రహ్మణ్యం గారికి నువ్వు చెప్పేటప్పుడు ఆ ముక్క కూడా చెప్పు. ఈ ఉత్తరం చదవగానే చెప్పు, రేపు అనకు. నీ ఉద్యోగం పోతుంది. పోతే లింగంపల్లి రైలెక్కు, ఇంట్లో గరిటెలు ఉన్నాయి.

గిరీష్‌కి నేను వెంటనే ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మూడోసారికి ఎత్తాడు. వెనక యంత్రాల చప్పుడు, నవ్వులు.

"అమ్మా! నేనే చేద్దామనుకుంటా ఉండా. బాగా చేరినా. నీ పొడి ఇక్కడ గడబిడ చేసేసింది పో. గోవిందప్ప సార్ మూత తీసి వాసన చూసి, ఇది మా ఊరి వాసనరా అని ప్లాంటు అంతా తిప్పినాడు. తలా ఒక చెంచా. డ్రమ్ముల కాడ వాళ్ళు కూడా వచ్చి చేతులు పట్టినారు."

"డబ్బా ఎక్కడుందిరా?" అన్నాను. ఆ మాట తట్టడానికి కాస్త టైము పట్టింది.

"ఏం బయపడాకు, ఎక్కడా పోలా. ఖాళీగా తేకూడదని సార్ వాళ్ళావిడ చేత ఓళిగలు చేయిస్తా ఉండాడు. నీ సంగతి చెప్పినాలే, తడి ఉంటే మాయమ్మ ఇంట్లోకి రానీదు అని. శుబ్బరంగా కడిగి, రబ్బరు ఊడబెరికి, లోపల గాజు సామాను ఓవెన్లో పెట్టిచ్చినా."

నేను ఫోన్ పెట్టేశాను.

నా పిల్లలు నా మాట వినరని ఇన్నేళ్ళూ కనపడిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాను.

జేజి